అరచేతి పుట



మా సత్తెనపల్లికి ఈశాన్యముగా కృష్ణాతీరమున అమరావతి యున్నది. అచ్చటి శిలలలో నొకదానిపై “నాగబు” అను మాట చెక్కబడి యున్నదని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించిరి. మనకు లభించిన తెలుగుమాటలలో మిక్కిలి ప్రాచీనమైన వానిలో నిది యొకటి యని పండితులు తలంతురు. ఆ మాట రాతిపై నుండెను. తరువాత మన భాష రాగిరేకుల నెక్కెను, తాటాకుల నెక్కెను, కాగితముల నెక్కెను. ఇప్పుడు అరచేతిలో నిముడు గాజుపలక నెక్కినది. ఆధారము మారినప్పుడెల్ల వ్రాత తన తీరును మార్చుకొనుచునే వచ్చినది. గంటముతో అడ్డగీతలు బలముగా గీసినచో తాటాకు చీలును. అందువలననే మన లిపి గుండ్రదనమును సంతరించుకొన్నదని చెప్పుదురు. ఆకులో దారము గ్రుచ్చుటకు రంధ్రముండును. లేఖకుడు ఆ రంధ్రము చుట్టును చోటు విడిచి వ్రాసెడివాడు గాని, ఆకును తనకై వెడల్పు కమ్మని కోరలేదు. ఈ సంగతిని మనసున నుంచుకొని నేటి ప్రసంగమును వినవలెనని ప్రార్థన. స్మార్టుఫోనులో చదువుకొనుటకును, పని జరుపుకొనుటకును వీలుగా వెబ్‌సైట్లను కట్టుట యెట్లు అనునది నేటి విషయము.

తెలుగు పండితునికి ఈ గొడవ యేల యని మీరడుగవచ్చును. నేను ముప్పది యేండ్లకు పైగా బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను. యంత్రవిద్య నా వృత్తి కాదు. నన్నీ విషయమునకు దింపినవాడు నా పూర్వశిష్యుడొకడు. వాడు మూడెకరములు కౌలుకు తీసికొని మిరప పండించుచున్నాడు. ఒక ఫాల్గుణమాసపు సాయంకాలము కల్లములో కాయలు ఆరబోసి, కడుగుకొన్నను మంట తీరని చేతులతో మా యరుగుమీదికి వచ్చి, తన ఫోనును నా కిచ్చెను.

“మాస్టారూ, మీరు చదువు చెప్పారు, చదవటం వచ్చు. ఇది మాత్రం చదవటానికి రావట్లేదండీ” అనెను.

“ఏదీ, ఇటు తే నాయనా” అని కండ్లద్దములు పెట్టుకొని చూచితిని.

అది పంటనష్టమునకు దరఖాస్తు పెట్టుకొను పుట. గడువు ఆనాటి అర్ధరాత్రితో ముగియును. ఏ కార్యాలయమువారి పుట యను ప్రశ్న ఇచ్చట ననవసరము. ఆ పుటను కట్టినవారు తమ బల్లమీది పెద్దతెరను చూచుకొని కట్టిరి. ఫోనులో అక్షరములు చీమలబారువలె కనబడెను. రెండు వ్రేళ్లతో లాగి పెద్దవి చేసితిమి. అంతట సర్వే నంబర్లు ఎడమప్రక్క తెర దాటిపోయెను. విస్తీర్ణము వ్రాయవలసిన గడులు మాత్రము ఎదుట నిలిచెను. ఏ నంబరునకు ఏ విస్తీర్ణము వ్రాయుచున్నామో తెలియదు. జరిపి చూచుచు, మరల వెనుకకు జరుపుచు, ఎట్టకేలకు గడులన్నియు నింపితిమి. క్రింద గోరంత మీటలు రెండు ఒకదానినొకటి ఆనుకొని యుండెను. ఒకటి సమర్పించుటకు, మరియొకటి తుడిచివేయుటకు. వాని వ్రేలు రెండవదానిపై పడెను. గంటసేపు నింపినదంతయు క్షణములో పోయెను. మరల మొదలిడునంతలో సిగ్నలు సన్నగిల్లెను. మరునాడు ప్రొద్దున నెట్ సెంటరునకు పోగా గడువు దాటినదని చెప్పిరి.

వానికి అక్షరజ్ఞాన మున్నది. నష్టమును నిజమైనదే. చేతిలో ఫోనును, ఫోనులో డేటాయు నున్నవి. లేనిదొక్కటే: వాని చేతిలోని తెరకు సరిపడు పుట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తరువాత పూర్వవిద్యార్థులలో ఈ పని తెలిసినవారిని అడిగి, చదివి, నాకు బోధపడినంత మీకు మనవి చేయుచున్నాను.

కంప్యూటరును ఎన్నడును తాకకయే ఇంటర్నెట్టును ఎరిగినవారు మన పల్లెలలో కోకొల్లలు. 2016 సెప్టెంబరు 5వ తేదీన జియో సంస్థ సేవలు ప్రారంభమైన పిమ్మట డేటా వెల మిక్కిలి తగ్గెను. దానితో ఫోను ఇంటింటికి ఇంటర్నెట్టు ద్వారమాయెను. అడంగలును, 1-బి పత్రమును చూచుకొనుటకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2015లో “మీభూమి” అను వెబ్‌సైటును నెలకొల్పెను. గుంటూరు యార్డులో నేడు తేజ రకము ధర యెంత, టిక్కీలను ఇప్పుడే లారీ కెక్కింపవలెనా, కోల్డ్ స్టోరేజిలో పెట్టవలెనా యను నిర్ణయమునకు రైతు చూచునదియు ఫోనునే. పట్టణమున నున్న ఉద్యోగికి ఫోను కాకున్నను బల్లమీద మరియొక తెర యుండును. కౌలురైతునకు ఈ యరచేతి తెర తప్ప వేరొకటి లేదు. కావున ఫోనునకు ఒదుగని పుట అతనికి మూయబడిన కార్యాలయముతో సమానము.

ఇక వెబ్ పుట యన నేమో తెలిసికొందము. అచ్చుపుస్తకములోని పుట ఒకసారి కూర్చి బిగించిన తరువాత మారదు. వెబ్ పుట అట్టిది కాదు. అందు వ్రాత యొకటి; దానిని ఎట్లు కనబరుపవలెనో చెప్పు నియమములు మరియొకటి. వ్రాతను కట్టు భాషకు హెచ్.టి.ఎం.ఎల్. అనియు, కనబడు తీరును నిర్ణయించు భాషకు సి.ఎస్.ఎస్. అనియు పేర్లు. ఈ రెంటిని చదివి, తన తెర వెడల్పును చూచుకొని, అప్పటికప్పుడు పుటను కూర్చునది ఫోనులోని బ్రౌజరు. అచ్చాఫీసులోని కంపోజిటరు ప్రతి పాఠకుని చేతిలోను కూర్చుండి, అతనికొరకే పుటను కూర్చుచున్నాడని భావింపుడు. ఇతడు మిక్కిలి నేర్పరి. వెడల్పు తెరపై మూడు వరుసలుగాను, ఇరుకు తెరపై ఒకే వరుసగాను కూర్చగలడు. కాని పుట కట్టినవాడు “ఈ వరుస వెడల్పు వేయి చుక్కలు, ఒక్కటియు తగ్గరాదు” అని శాసించినచో అతడు చేయగలిగినది లేదు.

నాగార్జునసాగరు కుడికాలువ నీరు మా ప్రాంతమునకు వచ్చును. పెద్దకాలువలో నున్న నీరే మేజరులోను, పిల్లకాలువలోను, చివరకు మిరపచేని బోదెలోను పారును. ఎంత వెడల్పు దొరికిన అంతలో నిముడుట నీటి స్వభావము. వెబ్ పుట స్వభావమును అట్టిదే. దానిని మంచుగడ్డవలె బిగించినది మనమే.

ఈ బిగింపు ఎట్లు వచ్చెను? 2007లో ఐఫోను వెలువడునప్పటికి లోకమునందలి వెబ్ పుటలు చాలవరకు బల్లమీది కంప్యూటర్లకై కట్టబడినవే. ఆ ఫోను తెర వెడల్పు 320 చుక్కలు. పాతపుటలు చెదరకుండుటకై దానిలోని బ్రౌజరు ఒక యుపాయము పన్నెను. తన వెడల్పు 980 చుక్కలని పుటను నమ్మించి, వచ్చిన కూర్పును ఇంచుమించు మూడవవంతునకు కుదించి చూపెను. నాటి కది మంచి యుపాయమే. కాని నేటికిని, పుట కట్టినవాడు వేరుగా చెప్పనిచో, ఫోను బ్రౌజర్లు ఇట్లే చేయును. నా శిష్యుడు చూచిన చీమలబారునకు కారణ మిదియే. దీనికి విరుగుడు ఒక్క పంక్తి. వ్యూపోర్టు అను ఆజ్ఞను పుట తలలో నుంచి, “నీ నిజమైన వెడల్పునే లెక్కకు తీసికొనుము” అని చెప్పిన చాలును. ఇందులోనే మరియొక జాగ్రత్త కలదు. కొందరు ఈ పంక్తిలోనే, పాఠకుడు వ్రేళ్లతో అక్షరములను పెద్దవి చేసికొనరాదని నిషేధము కూడ చేర్చుదురు. చత్వారము వచ్చిన నావంటివారికి అది కండ్లద్దములు లాగికొనుటతో సమానము. అట్లు చేయరాదు.

ఆ పంక్తి తలుపు తెరచును గాని యింటిని సర్దదు. కొందరు మొదట ఫోనుకొక సైటు, కంప్యూటరుకొక సైటు వేరువేరుగా కట్టిరి. ఒక దస్తావేజును రెండుచోట్ల వ్రాసిన, ఒకచోట దిద్దినది రెండవచోట దిద్దక మరచుట సహజము. గడువు పెంచినట్లు ఒకదానిలో నుండి, రెండవదానిలో లేకున్న, ఎవరి నడుగవలెను? 2010 మే నెలలో ఈథన్ మార్కాట్ అను అమెరికా రూపకర్త “ఎ లిస్ట్ అపార్ట్” అను ఇంటర్నెట్ పత్రికలో ఒక వ్యాసము వ్రాసి, ఒకే పుట అన్ని తెరలకు ఒదుగు మార్గమును చూపెను. దానికి రెస్పాన్సివ్ డిజైను అని పేరు. అందు సూత్రములు మూడు. వరుసల వెడల్పును చుక్కలలో గాక, మొత్తములో నిన్నవపాలని నిష్పత్తిలో చెప్పుట మొదటిది. బొమ్మ తానున్న గడి వెడల్పును మించరాదనుట రెండవది. తెర యింతకంటె ఇరుకైనచో ఈ నియమము, వెడల్పైనచో ఆ నియమము అని విభాగించి చెప్పుట మూడవది.

ఈ మూడవ సూత్రముచే నా శిష్యుని చిక్కు తీరియుండెడిది. పెద్దతెరపై సర్వే నంబరు, విస్తీర్ణము, పంట, నష్టము అను నాలుగు వరుసల పట్టిక బాగుగనే యుండును. ఫోనులో మాత్రము ఒక్కొక్క నంబరును ఒక్కొక్క చీటిగా విడదీసి, దాని క్రిందనే విస్తీర్ణము, దాని క్రింద పంట, దాని క్రింద నష్టము వచ్చునట్లు పేర్చవచ్చును. అప్పుడు బొటనవ్రేలు పైకిని క్రిందికిని కదలిన చాలును. ప్రక్కలకు జరుపు పనియే లేదు.

లోకములోని వ్యాపారసంస్థలు ఈ సంగతిని త్వరలోనే గ్రహించినవి. 2015 ఏప్రిల్ 21వ తేదీ నుండి గూగులు సంస్థ ఫోనులో వెదకువారికి ఫోనునకు తగిన పుటలను ముందు చూపు పద్ధతిని ప్రవేశపెట్టెను. 2023 నాటికి, పుటను పరీక్షించుటలో ఫోనుకు కనబడు రూపమునే ప్రమాణముగా గైకొన్నది. అంగడివాడు తన పుట వెనుకబడునని భయపడి దిద్దుకొనును. పోటీలేని కార్యాలయమునకు ఆ భయము లేదు. కావున అచ్చట ధర్మబుద్ధియే ప్రేరకము కావలెను.

తరువాతిది వ్రేలి సంగతి. కంప్యూటరుపై మౌసు బాణపుమొన సూదివంటిది. మన వ్రేలు అట్టిది కాదు. అందులోను కాయ కోసి, తొడిమ తీసి, బరకబారిన వ్రేలు. మీట ఒక్కొక్క ప్రక్కను ఇంచుమించు 9 మిల్లీమీటర్లుండవలెనని ఆండ్రాయిడ్ ఫోనుల నియమావళి సూచించుచున్నది. వెబ్ పుటల సుగమతకై 2023 అక్టోబరులో వెలువడిన అంతర్జాతీయ సూత్రములలో, తాకుచోటు కనీసము 24 చుక్కల చదరముండవలెనని కలదు. అది కనీసము మాత్రమే. సమర్పించు మీటను, తుడుచు మీటను ప్రక్కప్రక్కన పెట్టుట మంచినీళ్ల కుండను పురుగుమందు డబ్బాను ఒకే గూటిలో పెట్టుటవంటిది. తుడుచు మీట అసలు వలయునా యని మొదట ఆలోచింపవలెను. ఉంచక తప్పనిచో దూరముగా నుంచి, నొక్కినప్పుడు “నిజముగా తుడువవలెనా?” అని అడుగవలెను.

మరి వెలుగు సంగతి. కార్యాలయపు గదిలో తెల్లనితెరపై బూడిదరంగు అక్షరములు నాజూకుగా కనబడవచ్చును. మాఘఫాల్గుణముల మిట్టమధ్యాహ్నము చేనిగట్టున అవి కనబడనే కనబడవు. అక్షరమునకును, దాని వెనుకతలమునకును వెలుగు తారతమ్యము కనీసము 4.5కు 1 ఉండవలెనని ఆ సూత్రములే చెప్పుచున్నవి. నల్లని అక్షరము, తెల్లని తలము అను పాతపద్ధతియే అన్నిటికంటె క్షేమము.

ఇక బరువు. పుటకు బరువేమని నవ్వకుడు. డేటా రూపమున దానిని మోయువాడు రైతే. యూనికోడ్ అక్షరములను పంపు వాడుక పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు 3 బైట్లు పట్టును. 2,000 సంకేతములు గల ప్రకటన 6,000 బైట్లగును. అదే ప్రకటనను కాగితముపై అచ్చువేసి, ఫోటో తీసి, ఆ బొమ్మను పుటలో తగిలించిరనుకొనుడు. ఆ బొమ్మ 30 లక్షల బైట్లున్నచో, మాటకంటె మాట బొమ్మ 500 రెట్లు బరువు. సిగ్నలు సన్నముగా నున్న చేలో మొదటిది కంటిరెప్ప పాటులో వచ్చును. రెండవది వచ్చువరకు రైతు ఫోనును నెత్తిపై కెత్తి నిలువవలెను. అదియును గాక బొమ్మలోని మాటను వెదకుటకు వీలులేదు. చూపులేనివారికి చదివి వినిపించు యంత్రమునకు అది అందదు. చిన్నతెరకు తగినట్లు దాని పంక్తులు విరుగవు.

ఇంతవరకు చెప్పినది అన్ని భాషలకును సమానమే. మన తెలుగునకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని కలవు. మన యక్షరమునకు పైన గుడియు, క్రింద వత్తును ఉండును. రోమను అక్షరములకు సరిపోవు పంక్తుల యెడమును తెలుగునకు పెట్టినచో, పైపంక్తిలోని వత్తులు క్రిందిపంక్తిలోని గుళ్లకు తగులును. మీటలలో వత్తులు సగము తెగిపోవును. కావున తెలుగునకు పంక్తుల యెడము అధికముగా నుంచవలెను. రెండవది మాటల పొడవు. ఇంగ్లీషున సబ్‌మిట్ అను చిన్నమాటకు గడి కట్టి, అందులో “దరఖాస్తును సమర్పించండి” అని క్రుక్కినచో అది గడి దాటును. గడి కట్టునప్పుడే తెలుగుమాటను పెట్టి చూడవలెను. మూడవది ఫాంటు. అచ్చాఫీసులలో వాడెడి పాతకాలపు ఫాంట్లతో కూర్చిన వ్రాత, ఆ ఫాంటు లేని ఫోనులో అర్థములేని గుర్తులుగా మారును. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పునందే తెలుగునకు 128 స్థానములు గల విభాగ మేర్పడెను. ఇంకను పాతపద్ధతిని పట్టుకొని వ్రేలాడుటకు కారణము లేదు. అందమైన ఫాంట్లు కావలెనన్నచో పెద్దన, తిమ్మన, సూరన్న, ధూర్జటి, గురజాడ, గిడుగు మున్నగు పేర్లతో ఉచితముగా దొరకుచున్నవి. అయితే వత్తులు, సంయుక్తాక్షరములు అనేకము లగుటచే తెలుగు ఫాంటు రోమను ఫాంటుకంటె సాధారణముగా బరువు. పెద్దశీర్షికలకు అవి యుంచుకొని, దరఖాస్తులకు ఫోనులోనే యున్న ఫాంటును వాడుట ఉత్తమము.

తెలుగును తెలుగువారి చేతితో పరీక్షింపనిచో నేమగునో 2018లో లోకమంతయు చూచినది. ఆ యేడు ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థవారి ఐఫోనులలో ఒక తెలుగు అక్షరము వచ్చినంతనే, దానిని చూపబోయిన అప్లికేషను కుప్పకూలుచుండెను. ఆ యక్షరము “జ్ఞా”. జకారము, పొల్లు, ఞకారము, కంటికి కనబడని విభాజకచిహ్న మొకటి, తుద దీర్ఘము అను వరుసలో సంకేతములు వచ్చినప్పుడు ఆ చిక్కు కలిగెను. ఫిబ్రవరి 19వ తేదీన ఆ సంస్థ ఐఓఎస్ 11.2.6 అను సవరణతో దానిని సరిచేసెను. జ్ఞానమను మాటకు మొదటి యక్షరమే యంత్రమునకు మింగుడుపడకపోవుట చిత్రముగా నుండవచ్చును. కాని పరిహాసమునకై దీనిని చెప్పలేదు. అంతటి సంస్థకే తెలుగు సంయుక్తాక్షరము నొద్ద కాలు జారినప్పుడు, చిన్న కార్యాలయపు పుటను ఒకమారైన తెలుగు పేర్లతో నింపి చూడవలదా?

దరఖాస్తు పుట కట్టువారికి మరి రెండు మనవులు. అంకెలు వ్రాయవలసిన గడిని తాకినప్పుడు అంకెల మీటలే పైకి రావలెను. ఇది పుటలో ఒక చిన్నయాజ్ఞతో నగును. నింపినంతవరకు దాచుట అంతకంటె ముఖ్యము. సిగ్నలు పోవుట రైతు తప్పు కాదు. తిరిగి వచ్చునప్పటికి అతడు నింపిన గడులు నింపినట్లే యుండవలెను.

ప్రభుత్వమునకు ఈ బాధ తెలియదని నేననను. 2025 జనవరి 30వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము “మన మిత్ర” అను పేర వాట్సాప్ ద్వారా 161 సేవలను ప్రారంభించెను. జనులు ఎచ్చట నున్నారో అచ్చటికి కార్యాలయము వచ్చుట శ్లాఘనీయము. వాట్సాప్ సంభాషణ స్వభావముచేతనే ఒంటివరుసది. ఒక ప్రశ్న, ఒక జవాబుగా సాగును. చిన్నతెరకు సహజముగా ఒదుగును. అయినను చిరునామాలు, పట్టికలు, చట్టములు, జాబితాలు నిలుకడగా నుండవలసినచోటు వెబ్‌సైటే. ఆ సంభాషణలోని గుణమును, ఒక్కసారి ఒక్క ప్రశ్న యను మర్యాదను, వెబ్‌సైట్లు నేర్చుకొనవలెను.

మా సత్తెనపల్లివారైన వావిలాల గోపాలకృష్ణయ్యగారు ఆంధ్రప్రదేశ్ అధికార భాషా సంఘమునకు అధ్యక్షులుగా పనిచేసిరి. 1966లో అధికార భాషా చట్టము వచ్చెను. చట్టమును ఆచరణలోనికి తెచ్చుటకు అట్టివారు పాటుపడిరి. సామాన్యునికి అర్థమగు భాషలో కార్యాలయము మాటాడవలెనన్నది వారి యాశయము. నేడు కార్యాలయము గాజుతెరమీదికి వచ్చినది. తెలుగులో నున్నంతమాత్రమున అది సామాన్యుని దగునా? తెలుగులోనే యుండి చదువరాకున్నచో, ఆ యాశయము సగముదారిలో నిలిచినట్లే.

ఈ పని చేయు యువకులు మా ప్రాంతమునను అనేకులున్నారు. వారికి నా మనవి యిది. మీరు కట్టిన పుటను మీ కంప్యూటరుపై చూచి సంతోషింపకుడు. చౌకవెల ఫోనొకటి తీసికొని, మధ్యాహ్నము పన్నెండు గంటలకు మిరపచేనిగట్టున నిలువుడు. ఒక చేత సంచి పట్టుకొని, రెండవచేతి బొటనవ్రేలితో మీ దరఖాస్తును మీరే నింపి చూడుడు. నడుమ ఫోనును ఒకమారు ఆర్పి వెలిగింపుడు. ఆపైన అరువదేండ్లు దాటినవారి చేతికిచ్చి, ఏమియు చెప్పక, ప్రక్కన నిలిచి చూడుడు. వారెచ్చట తడబడిన అచ్చట తప్పు మీది; వారిది కాదు. పిల్లవానికి పాఠము పట్టుబడకపోయిన మా గురువులు మొదట తమ బోధనను పరీక్షించుకొనెడివారు.

నా శిష్యుడు ఈ యేడును మిరపయే వేసినాడు. గడువు దాటిన దరఖాస్తు మరల రాలేదు. వాడు నన్నుగాని, ఇతరులనుగాని నిందింపలేదు. “నాకే చేతకాలేదు మాస్టారూ” అని తలవంచుకొని పోయెను. ఆ మాట అబద్ధమని వానికి చెప్పుటకే ఈ ప్రసంగమును వ్రాసితిని. మరునాటికైన అట్టివాని చేతిలో చక్కగా ఒదుగు పుటను మీరు కట్టుదురని నమ్మి, సెలవు తీసికొనుచున్నాను.